ముందస్తు తిట్ల అత్తయ్య

అందరికీ కోపం ఏదైనా జరిగాక వస్తుంది. మా మేనత్తకి జరగకముందే వచ్చేస్తుంది. గ్లాసు పగలగొట్టినవాణ్ని ఎవరైనా తిడతారు. రేపు పగలగొట్టబోయేవాణ్ని ఇవాళే నిలబెట్టి కడిగేసే మనిషి, నాకు తెలిసి, భూమ్మీద ఈవిడొక్కతే.

పొద్దున్నే పాలవాడు గేటు తీస్తాడో లేదో, అత్తయ్య వరండాలోంచి మొదలుపెడుతుంది.

"ఒలకబోశావా?"

"ఇంకా పొయ్యనేలేదమ్మా!"

"పోస్తావుగా! ఆ ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఎటో చూస్తూ పోస్తావు. నా మెట్లన్నీ పాలవుతాయి. మధ్యాహ్నానికి చీమల జాతర. ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చెయ్యడం ఎప్పుడు నేర్చుకుంటావయ్యా?"

పాపం ఆయన ఫోను జేబులో పెట్టి, రెండు చేతులా పట్టుకుని, ఊపిరి బిగబట్టి పోసేవాడు. చుక్క కింద పడేది కాదు. "చెయ్యని తప్పుకి రోజూ తిట్లు తింటున్నాను" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయేవాడు.

నా పెళ్ళి కుదిరిన రోజున మావారిని పక్కగదిలోకి పిలిచి తలుపేసింది. "దీనికి జ్వరమొచ్చి మూలుగుతుంటే నువ్వు కాలు మీద కాలేసుకుని పేపరు చదువుకుంటూ కూర్చుంటావు. కాసిని వేడినీళ్ళు కూడా పెట్టివ్వవు. ఇంత స్వార్థపరుడికి పిల్లనిచ్చామేమిటా అని నేను తల బాదుకోవాలి" అని ఏకబిగిన తిట్టిపోసింది. ఆయన తెల్లమొహంతో బయటికొచ్చి, "నేనెప్పుడు పేపరు చదివాను?" అని నన్నడిగారు. ఈ రోజుకీ నేను తుమ్మితే చాలు, ఆయన చేతిలో ఉన్న పేపరు మడిచి సోఫా కిందకి తోసేస్తారు.

గురి తప్పిన తిట్లూ బోలెడున్నాయి. పక్కింటాయన మేడ మీద మేడ వేసి మాకు గాలి రాకుండా చేస్తాడని ఏడాది పొడుగునా ఆడిపోసుకుంది. ఆయన ఉన్న ఇల్లు కూడా అమ్ముకుని వెళ్ళిపోయాడు. "చూశావా, అనవసరంగా తిట్టావు" అన్నాను. "ఎవరన్నారు అనవసరమని? తిట్టబట్టే కదా వెయ్యలేదు!" అంది. ఆవిడతో వాదించి గెలిచినవాడు లేడు. తిట్టు పనిచేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకపోతే, మరి ఎందుకు తిట్టినట్టు అంటారు. ఆవిడ బతుకంతా ఈ రెండు మాటల మధ్యే నలిగిపోయింది.

అత్తయ్య ఒక పెద్ద ఆసుపత్రిలో బట్టలుతికే విభాగానికి పెద్ద. నేను అక్కడే మడతల బల్ల దగ్గర పనిచేస్తాను. నా పుణ్యమా అని అక్కడందరూ ఆవిణ్ని అత్తయ్యా అనే పిలుస్తారు. ఆసుపత్రి వెనకాల, చెత్తబండ్లు తిరిగే వైపు, రేకుల షెడ్డు మాది. ఒక గోడ పొడుగునా ఉతికే డ్రమ్ములు, నెత్తి మీద బాయిలరు నుంచి వచ్చే ఆవిరి పైపులు, మధ్యలో దుప్పట్లని నమిలి నున్నగా కక్కే పెద్ద ఇస్త్రీ రోలరు. ఆ రోలరు దగ్గర నిలబడే అమ్మాయిని మేమంతా ఇస్త్రీ వదిన అంటాం. సన్నగా పుల్లలా ఉంటుంది కానీ, దాని చేతిలోంచి వంకర మడత రావడం నేనెప్పుడూ చూడలేదు.

మహమ్మారి వచ్చింది చూశారూ, అది వస్తుందని పేపర్లో ఎక్కడో లోపలి పేజీలో పడ్డ రోజునే అత్తయ్య మా మీద విరుచుకుపడింది. "వార్డుల్లోంచి వచ్చిన దుప్పట్లు దులుపుతారు మీరు! మొహానికి గుడ్డ కట్టుకోరు! ఇళ్ళకి పట్టుకెళ్ళి ముసలాళ్ళకి అంటిస్తారు! బుద్ధుందా?" మేం ముసిముసిగా నవ్వుకుంటూనే గుడ్డలు కట్టుకున్నాం. ఆసుపత్రంతా మమ్మల్ని చూసి, "ఏం, షెడ్డులో దొంగలు పడ్డారా?" అని నవ్వింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. మా షెడ్డులో అందరం మిగిలాం. పక్క వంటశాలలో అందరూ మిగల్లేదు.

అప్పుడు చూడాలి ఆసుపత్రిని! మేనేజరు గారు ఒక్క పూటలో సభలు జరిగే పెద్ద హాలు ఖాళీ చేయించారు. గోడ పగలగొట్టి కొత్త తలుపు పెట్టించారు. షిఫ్టులు మార్చారు. ఎవర్నీ అనుమతి అడగలేదు, కాగితం కదలడానికి ఎవరూ ఎదురుచూడలేదు. ఆయనే చొక్కా చేతులు మడిచి దుప్పట్ల మూటలు మోశారు. ఆ రోజుల్లో ఆయనంటే నాకు నిజంగా గౌరవం కలిగింది. అది చెప్పకపోతే నా నోటికి పాపం చుట్టుకుంటుంది.

తర్వాత జరిగింది తలుచుకుంటేనే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

మహమ్మారి పోయింది. ఎండలు వచ్చాయి. ఎండలు ఎప్పుడూ ఉన్నవే కదా అనకండి, నన్ను రెచ్చగొట్టకండి. ఇదివరకు ఎండాకాలం చుట్టంలా వచ్చి వెళ్ళేది. ఇప్పుడు మంచం పరుచుకుని కూర్చుంటోంది, ఏటేటా ముందొస్తోంది, ఆలస్యంగా లేస్తోంది. పైన కాలే రేకులు, వాటి కింద మసిలే పైపులు, మధ్యలో మేం. పోయినేడు ఇస్త్రీ వదిన రోలరు ముందే కళ్ళు తిరిగి పడింది. చెయ్యి రోలరులోకి వెళ్ళాల్సింది, వెంట్రుకవాసిలో తప్పింది. అది లేచి నీళ్ళు తాగి, "ఏం లేదు, ఏం లేదు" అంటూ మళ్ళీ దుప్పటి అందుకుంది. ఇంకోసారి పడితే ఇది మిగలదని మా అందరికీ అర్థమైంది. నోటితో అన్నది అత్తయ్యొక్కతే.

"పడిపోతావే! వచ్చే ఎండల్లో పడిపోతావు. నీళ్ళు తాగవు. బాత్రూము ఆ చివర ఎండలో ఉందని, రోలరు ఆపాలని, దాహాన్ని కడుపులో దాచుకుంటావు. నీ పిల్లలకి నేనేం చెప్పాలి?"

"పడలేదుగా అత్తయ్యా ఇంకా" అనేది వదిన.

అక్కడితో ఊరుకోలేదు. చలికాలంలోనే మేనేజరు గారి గదికి వెళ్ళింది. నన్నూ వెంట తీసుకెళ్ళింది, సాక్ష్యానికట. ఆ గదిలో అడుగు పెట్టగానే నాకు పళ్ళు టకటకలాడాయి. అంత చల్లగా ఉంది.

"ఎంత పని చేశారండీ!" అంది అత్తయ్య కూర్చోకుండానే.

మేనేజరు గారు ఉలిక్కిపడ్డారు. "ఏం చేశాను?"

"పైపులకి గుడ్డ చుట్టించలేదు. రేకుల మీద తెల్లరంగు వేయించలేదు. రోలరు పని తెల్లవారుజాముకి మార్చలేదు. అమ్మాయి ప్రాణం తీశారు."

"ఎవరు పోయారు?" ఆయన లేచి నిలబడ్డారు.

"ఇంకా పోలేదు. ఎండల్లో పోతుంది."

ఆయన కూర్చుని చెమట లేని నుదురు తుడుచుకున్నారు. "అమ్మా, మీరు చెప్పింది మంచిదే. పైపులకి చుడితే వేడీ తగ్గుతుంది, బాయిలరుకి నూనే తక్కువ ఖర్చవుతుంది, పొగా తగ్గుతుంది. నాకు తెలుసు. కానీ దీనికో పద్ధతుంది. కమిటీ కూర్చోవాలి. వచ్చే ఏడు ప్రణాళికలో పెడదాం."

"మహమ్మారప్పుడు గోడ పగలగొట్టారే, ఏ కమిటీ కూర్చుంది?"

"అది వేరమ్మా. అది అత్యవసరం."

"అది మీ గదిలోకీ వచ్చేది కాబట్టి అత్యవసరం. ఈ ఎండ మీ తలుపు బయటే చెప్పులు విప్పి నిలబడుతుంది. అందుకని దీనికి పద్ధతి!"

నేనైతే అక్కడే చప్పట్లు కొట్టేదాన్ని. ఆయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "చూద్దాం" అన్నారు. నాకు ప్రపంచంలో ఏ మాటన్నా ఇంత ఒళ్ళు మండదు. చూద్దాం! ఏం చూస్తారు? మేం పడిపోతుంటే చూస్తారా?

పదిరోజులు తిరక్కుండా ఆసుపత్రిలో ఒక సదస్సు పెట్టారు. ఆ పెద్ద హాలులోనే. బయట బేనరు: "మహమ్మారి పాఠాలు, వేడెక్కే భూమికి విధానాలు". ఆ సదస్సుకి బల్లల మీద పరిచే తెల్లగుడ్డలు ఎవరు ఉతికారనుకుంటున్నారు? మేమే. ముడతపడితే పరువు పోతుందని రెండుసార్లు ఇస్త్రీ చేయించారు. వేడి గురించి మాట్లాడుకోవడానికి కావలసిన గుడ్డలకోసం మేం ఆ వేడిలో అదనంగా ఒక పూట ఉడికాం. ఇది నేను కల్పించిన హాస్యం కాదు, నాకంత తెలివి లేదు.

చివరి మూట పట్టుకుని అత్తయ్యా నేనూ హాలులోకి వెళ్ళేసరికి ఒక నిపుణుడు గారు మాట్లాడుతున్నారు. లోపల చలికి సగంమంది కోట్లు బిగించుకున్నారు. ఆయన మంచివాడే, మాటలూ మంచివే. "మహమ్మారి మనకి నేర్పిందేమిటి? ప్రమాదం గుమ్మంలోకి వచ్చేదాకా ఆగకూడదు. చిన్నగా ఉన్నప్పుడే కదలాలి. అందరూ కలిసి కదలాలి. ముందుగా దెబ్బ తినేవాళ్ళని ముందుగా కాపాడాలి. భూమి వేడెక్కడం కూడా అలాంటి మహమ్మారే, కాకపోతే నెమ్మదిగా వస్తుంది. నెమ్మదిగా వస్తోంది కాబట్టే మనకి భయం వెయ్యడం లేదు." అత్తయ్య మూట గుండెకి అదుముకుని, బడిపిల్లలా తలూపుతూ వింది. ఆవిడ మాటల్నే ఇంకెవరో అంత నాజూగ్గా చెప్పడం జీవితంలో మొదటిసారి మరి.

ప్రశ్నలేమైనా ఉన్నాయా అన్నారు. నేను చెయ్యి పట్టుకునేలోపు ఈవిడ మొదలెట్టేసింది.

"బాబూ, నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. ఇంత తెలిసినవాడివి, ఇప్పుడేం చేస్తావో తెలుసా? భోంచేస్తావు. వీళ్ళు నీకు శాలువా కప్పుతారు. అందరూ కలిసి ఒక తీర్మానం చదువుతారు. కారెక్కి వెళ్ళిపోతావు. ఈ మేనేజరు గారు బేనరు మడిచి వచ్చే ఏటికి దాచుకుంటారు. వచ్చే ఏడూ ఈ గుడ్డలు మేమే ఇస్త్రీ చేస్తాం, అప్పటికి మాలో ఎవరు మిగిలితే వాళ్ళం. ఇంత చదువుకుని ఇలాంటి పని చెయ్యడానికి మీకందరికీ సిగ్గెలా లేకపోయింది?"

తర్వాత ఏం చేశారో తెలుసా? చప్పట్లు కొట్టారు! లేచి నిలబడి మరీ కొట్టారు. ఒకావిడ వచ్చి, "ఎంత సహజంగా మాట్లాడారండీ!" అని భుజం మీద చెయ్యేసి ఫోటో తీయించుకుంది. ఆ తర్వాత భోంచేశారు. శాలువా కప్పారు. తీర్మానం చదివారు. బేనరు మడిచారు.

అత్తయ్య షెడ్డుకొచ్చి మూటల మీద కూలబడింది. "తిడితే చప్పట్లు కొడతారేమిటే! తిట్టినవాణ్ని తిరిగి తిట్టాలి, లేదా సిగ్గుపడాలి. మధ్యలో ఈ చప్పట్లేమిటి? ఇంత అవమానం నాకెన్నడూ జరగలేదు." ఆ రోజు మాకెవరికీ తిట్లు లేవు. షెడ్డు బోసిపోయింది.

ఆవిడ తన చేతిలో ఉన్నది తను చేసింది. రోలరు పక్కన నీళ్ళ కుండ పెట్టింది. తడిగుడ్డలు మెడల చుట్టూ వేసింది. ఎవరు బాత్రూముకి వెళ్ళినా వాళ్ళ పని ఇంకొకళ్ళు అందుకోవాలని వంతులు వేసింది. మేనేజరు గారు కనికరించి, ఎండలు ముదిరేలోపు పైపుల పని మొదలెడతామని కబురు పంపారు. ఎండలు ఆ కబురు వినలేదు. చలి ఇంకా పూర్తిగా పోలేదని మనం అనుకుంటుండగానే, ఒక వారమంతా నిప్పులు కురిశాయి.

ఆ వారంలో ఒక రోజు నా బల్ల మీదకి వంకర మడతతో ఒక దుప్పటి వచ్చింది. తలెత్తి చూస్తే ఇస్త్రీ వదిన రోలరుతో మాట్లాడుతోంది. "స్నానానికి రారా, బడికి టైమైంది" అంటోంది. మొహం ఎర్రగా కాలిపోతోంది, చెమట బొట్టు లేదు. నేను కేకపెట్టేలోపు అత్తయ్య దాని ఏప్రన్ నాడాలు పట్టుకుని వెనక్కి లాగింది. ఇద్దరూ కలిసి నేల మీద పడ్డారు. రోలరు ఖాళీగా తిరుగుతూనే ఉంది.

స్ట్రెచరు కోసం ఒకమ్మాయి పరిగెత్తింది. ఎవరు చెప్పారో, మేనేజరు గారు కూడా పరిగెత్తుకుంటూ వచ్చారు. మేమందరం పక్కకి జరిగి దారిచ్చాం. ఆయన మీద గౌరవంతో కాదు. అత్తయ్య నోట్లోంచి ఇప్పుడు రాబోయేదానికి అడ్డం ఉండకూడదని.

అత్తయ్య తలెత్తి ఆయన్ని చూసింది. "ఆ బకెట్లో దుప్పటి ముంచి పట్రా నాన్నా" అంది.

నాన్నా! నా చెవుల్ని నేను నమ్మలేదు. ఆయన బూట్లతోనే నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని, తడిదుప్పటి వదిన మీద కప్పి, అట్ట పెట్టి విసరడం మొదలుపెట్టారు. నేనిక ఆగలేకపోయాను.

"ఎన్నిసార్లు చెప్పిందండీ ఆవిడ! చలికాలం నుంచీ మీ గది చుట్టూ తిరిగింది! చూద్దాం అన్నారుగా, చూడండి ఇప్పుడు, కళ్ళారా చూడండి!"

"నువ్వు నోరు మూసుకుని అటువైపు నుంచి విసురు" అంది అత్తయ్య.

వదిన బతికింది. ఆసుపత్రి వెనకే ఉండబట్టి బతికింది, మంచుగడ్డలు పెట్టి, సెలైన్లెక్కించి నిలబెట్టారు. సాయంత్రానికి వార్డు బయట బెంచీ మీద అత్తయ్య పక్కన కూర్చున్నాను. ఒళ్ళు ఇంకా మండిపోతోంది.

"నన్నెందుకు ఆపావు? నువ్వెందుకు ఊరుకున్నావు? పాలు ఒలకబొయ్యనివాణ్ని తిడతావు, మనిషిని పడేసినవాణ్ని నాన్నా అంటావా?"

"జరిగాక తిడితే ఎవరికే లాభం? అతను అప్పటికే సగం చచ్చాడు, మొహం చూడలేదూ? జరిగాక తిట్టేది మన కడుపుమంట చల్లార్చుకోడానికి. ముందు తిట్టేదైతే వాళ్ళ కోసం."

అప్పుడు నాకు తట్టింది. మావారు స్కూటరు కాలవలో పడేసి వచ్చిన రోజున ఈవిడ ఒక్క ముక్క అనకుండా ఆయన మోచెయ్యి కడిగి కట్టు కట్టింది. నేను పరీక్ష తప్పినప్పుడు పక్కన పడుకుని జుట్టు నిమిరింది. ఇన్నేళ్ళలో జరిగిపోయిన తప్పుకి ఈవిడ ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. ఆ మౌనాన్ని మేం గమనించనే లేదు, తిట్ల హోరులో పడి.

లోపలికి వెళ్ళాం. అత్తయ్యని చూడగానే వదిన గట్టిగా కళ్ళు మూసుకుని నిద్ర నటించింది. అత్తయ్య దాని పక్కన కూర్చుని, దుప్పటి సర్ది, చల్లటి చెయ్యి నుదుటి మీద వేసి, గ్లాసు పట్టుకుని గుటక గుటకగా నీళ్ళు తాగించింది. ఒక్క మాట అనలేదు. వదిన ఒక కన్ను తెరిచి నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"ఏమే, అత్తయ్య తిట్టడం లేదేంటి? డాక్టరు ఏమన్నాడు? నిజం చెప్పు, నేను పోతున్నానా?"

నేను సమాధానం చెప్పేలోపు మేనేజరు గారు గుమ్మంలో కనబడ్డారు. ప్యాంటు మోకాళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. "అమ్మా, ఏదో ఒకటి అనండి. మీరేమీ అనకపోతే నాకు ఊపిరాడటం లేదు."

"అనాల్సినవన్నీ చలికాలంలోనే అనేశానుగా. కొత్తవేమున్నాయి?"

"ఇందాకే పైపుల పనివాళ్ళని పిలిపించాను, పొద్దున్నే మొదలెడతారు. రోలరు ఇక తెల్లవారుజామునే తిరుగుతుంది. మడతల బల్లలన్నీ రేపటినుంచి పెద్ద హాలులోకి. కమిటీకి నేను చెప్పుకుంటాను. మహమ్మారప్పుడు కమిటీని అడిగామా ఏమన్నా?"

ఆ మాట నెల్లాళ్ళ ముందు అనుంటే వదిన ఈ మంచం మీద ఉండేది కాదు. అది నేను మర్చిపోను, ఆయన్ని మర్చిపోనివ్వను. అంత పెద్ద మనసు మా అత్తయ్యకుంది, నాకు లేదు.

అత్తయ్య ఆయన్ని ఎగాదిగా చూసింది. మొహంలోకి మెల్లగా రంగు వచ్చింది. "పని మొదలెడతావు. నాలుగు చినుకులు పడగానే చల్లబడిందిగా అని మధ్యలో ఆపేస్తావు. సగం పైపులకి గుడ్డ, సగం పైపులు బోడి. వేరే ఆసుపత్రులవాళ్ళు ఎలా చేశారని అడిగితే నువ్వే బేనరు కట్టుకుని గొప్పలు చెబుతావు. ఏం మనిషివయ్యా నువ్వు!"

"అవునమ్మా" అన్నారు మేనేజరు గారు, దాహం తీరినవాడిలా.

మంచం మీద నుంచి నీరసంగా వినబడింది. "మరి నాకో?"

అత్తయ్య గిరుక్కున తిరిగింది. "నీకా! పదిరోజులు పడుకోమంటే నాలుగోరోజున లేచొస్తావు. వచ్చి రోలరు దగ్గరే నిలబడతావు. కుండలో నీళ్ళు కుండలోనే ఉంటాయి. వచ్చే ఏడు కూడా నిన్ను నేనే లాగాలి. ఆ తర్వాతేడూ నేనే లాగాలి. నీ కూతురి పెళ్ళిలో కూడా నీళ్ళు తాగకుండా తిరిగి, అందరి ముందూ పడి, నా పరువు తీస్తావు!"

వదిన రెండు కళ్ళూ తెరిచి, తృప్తిగా తల దిండులోకి వాల్చింది.

"హమ్మయ్య" అంది నాతో, "పిల్ల పెళ్ళిదాకా ఉంటానన్నమాట."